ఉమ్మడి పనిముట్ల కొట్టములో చేరిన క్రొత్త సభ్యునికి స్వాగత పుస్తకము

సేద్యమునకు కావలసిన యంత్రములన్నిటిని ప్రతి రైతు సొంతముగా కొనుట సాధ్యము కాదు. రోటవేటరు సంవత్సరములో కొద్ది దినములే పనిచేయును. నూర్పిడి యంత్రమునకు పని అంతకంటెను తక్కువ. మిగిలిన కాలమంతయు అవి ఊరక పడియుండును. అందుచేత పదిమంది కలిసి పనిముట్లను, మరమ్మతు సామానును ఒక కొట్టములో ఉమ్మడిగా ఉంచుకొనుట లాభదాయకము. 2014–15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకము క్రింద ఇట్టి అద్దె యంత్ర కేంద్రములకు ప్రభుత్వ సహాయము లభించినది. రైతు సంఘములు, సహకార సంఘములు, మహిళా స్వయం సహాయక సంఘములు వీటిని నడుపుచున్నవి.

ఇట్టి సంఘములో క్రొత్తగా చేరిన రైతు వాటాధనము కట్టి, రశీదు తీసికొని ఇంటికి వెళ్లును. తాళపుచెవి ఎవరివద్ద ఉండునో, వంతు ఎట్లు వచ్చునో, యంత్రము మధ్యలో ఆగిపోయిన ఏమి చేయవలెనో అతనికి తెలియదు. పాతవారికి ఇవన్నియు అలవాటై ఉండుటచే చెప్పవలెనని తోచదు. క్రొత్తవానికి అడుగుటకు మొగమాటము. ఈ మౌనము వలననే బోల్టులు విరుగును, వంతుల తగాదాలు పుట్టును, ఒక్కొక్కప్పుడు చేతివ్రేళ్లు కూడ పోవును. క్రొత్తవాడు అడుగలేని ప్రశ్నలకు ముందుగనే సమాధానము చెప్పు చిన్న పుస్తకము ఒకటి సంఘమువారు తయారుచేసి, చేరిన దినముననే అతని చేతిలో పెట్టవలెను.

ఎవరు వ్రాయవలెను?

పుస్తకమును కార్యదర్శి ఒక్కడే కూర్చుండి వ్రాసిన చాలదు. యంత్రమును నడుపు డ్రైవరు, మరమ్మతు చేయు మేస్త్రీ, క్రిందటి సంవత్సరము చేరిన సభ్యుడు – ఈ ముగ్గురిని కూర్చుండబెట్టుకొని వ్రాయవలెను. యంత్రము ఎక్కడ మొరాయించునో డ్రైవరునకు తెలియును. ఏ భాగము మాటిమాటికి విరుగుచున్నదో మేస్త్రీకి తెలియును. తొలినాళ్లలో తనకు ఏమి తెలియక తికమకపడెనో క్రొత్త సభ్యునకే తెలియును. ఈ మూడవ వాని మాట అన్నిటికంటె విలువైనది.

మొదటి పుట

మొదటి పుటలో నిబంధనలు పెట్టరాదు. కొట్టము తెరచు వేళలు, తాళపుచెవి ఉంచు చోటు, బాధ్యుల పేర్లు, ఫోను నంబర్లు, అద్దె రేట్లు వ్రాయవలెను. డీజిలు ఎవరు పోయించుకొనవలెనో, డ్రైవరు కూలి అద్దెలో చేరియున్నదో లేదో స్పష్టముగా తెలుపవలెను. వచ్చు తగాదాలలో చాల భాగము ఈ రెండు సంగతుల వద్దనే పుట్టుచుండును.

తరువాత వంతుల సంగతి. కాలువకు నీరు వదలిన వెంటనే దమ్ము చేయుటకు అందరికి ఒకేసారి యంత్రము కావలసివచ్చును. వంతు పేరు నమోదు చేసిన తేదీని బట్టి వచ్చునా, నీరు అందు వరుసను బట్టి వచ్చునా, క్రొత్త సభ్యునకు మొదటి కారులోనే పాతవారితో సమానమైన హక్కు కలదా అను విషయములు దాపరికము లేకుండ వ్రాయవలెను. క్రొత్తవానిని ఎల్లప్పుడు చివరకు నెట్టు సంఘము ఎంత ఆదరముగా స్వాగతము చెప్పినను ప్రయోజనము లేదు.

ప్రాణమునకు సంబంధించిన సంగతులు

ఈ భాగమును పెద్ద అక్షరములతో, బొమ్మలతో వేయవలెను. కారణము చెప్పని హెచ్చరికను ఎవరును లక్ష్యపెట్టరు. కావున ప్రతి హెచ్చరిక ప్రక్కన దాని కారణము ఉండవలెను.

1. ట్రాక్టరు వెనుక తిరుగు పి.టి.ఓ. షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. తుండుగుడ్డ కొస గాని, చీర కొంగు గాని దానికి చిక్కినచో వెనుకకు లాగుకొను వ్యవధి ఉండదు. షాఫ్టుపై తొడుగు లేనిదే యంత్రమును కొట్టము నుండి బయటకు పంపరాదు.

2. నూర్పిడి యంత్రము వలన అనేకుల చేతులు పోయినందుననే 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము వచ్చినది. పనలను లోనికి నెట్టు తొట్టి కనీసము 90 సెం.మీ. పొడవు ఉండి, అందులో డ్రమ్ము వైపు 45 సెం.మీ. మేర పైన కప్పియుండవలెనని భారత ప్రమాణము చెప్పుచున్నది. అట్లున్నచో చేయి డ్రమ్మును అందదు. పని త్వరగా సాగవలెనని ఆ కప్పును విప్పుట తగదు.

3. కత్తులు, కొడవళ్లు పదునుపెట్టు సానరాతికి, పనిముట్టును ఆనించు పలకకు మధ్య ఖాళీ 3 మి.మీ. మించరాదు. మించినచో పనిముట్టు సందులో ఇరుకుకొని రాయి పగులును. కండ్లద్దములు లేకుండ రాతి వద్దకు పోరాదు.

4. యంత్రములో చెత్త చిక్కినప్పుడు ఇంజను ఆపి, చక్రములు పూర్తిగా నిలిచిన పిదపనే చేయి పెట్టవలెను.

ప్రమాదము జరిగినచో 108కి ఫోను చేయవలెనని, కొట్టమునకు దారి ఎట్లు చెప్పవలెనో కూడ ఈ పుటలోనే వ్రాయవలెను. కంగారులో ఊరివారికే దారి చెప్పుట రాదు.

స్ప్రేయరు విషయములో జాగ్రత్త

పైకి అన్ని స్ప్రేయర్లు ఒకే విధముగా కనిపించును. వరిలో గాని మొక్కజొన్నలో గాని కలుపు చంపుటకు 2,4-డి కొట్టిన స్ప్రేయరును సరిగా కడుగక ప్రత్తిలో పురుగుమందుకు వాడినచో, మిగిలియున్న కొద్దిపాటి మందుకే ప్రత్తి ఆకులు సన్నబడి బెండ ఆకుల వలె మారిపోవును. నష్టము కనబడుసరికి ఏ సభ్యుడు దేనికి వాడెనో తేలదు, సంఘములో కక్షలు మాత్రము మిగులును. కావున కలుపుమందు స్ప్రేయర్లకు ఎర్రరంగు వేసి విడిగా ఉంచి, ఆ రంగునకు అర్థమేమో పుస్తకములో తెలుపవలెను.

తిరిగి అప్పగించునప్పుడు

మట్టిని పొలములోనే కడిగి రావలెను. మట్టితో పాటు తుంగ గడ్డలు ఒక పొలము నుండి మరియొక పొలమునకు చేరును. గ్రీజు పెట్టి, పనిచేసిన గంటలను రిజిస్టరులో వ్రాసి అప్పగించవలెను.

విరిగిన దానిని గూర్చి ఒక మాట. రోటవేటరు షాఫ్టులో కొన్నింటికి షియరు బోల్టు ఉండును. రాయి తగిలినప్పుడు తాను విరిగి గేరుపెట్టెను కాపాడుటయే దాని పని. అది విరుగుట సభ్యుని తప్పు కాదు. అయితే భయపడి, దాని స్థానములో గట్టి బోల్టు బిగించి ఎవరికిని చెప్పక అప్పగించినచో, తరువాతి వాని పొలములో గేరుపెట్టెయే పగిలిపోవును. అందువలన ‘విరిగినదని వెంటనే చెప్పిన వానికి జరిమానా లేదు, దాచిన వానికే కలదు’ అను నియమమును పుస్తకములో వ్రాసి, సంఘము దానిని తప్పక పాటించవలెను. ఒక్కసారి మాట తప్పినచో మరల ఎవరును నిజము చెప్పరు.

పుస్తకమును పరీక్షించుట

పుస్తకము పది, పన్నెండు పుటలు మించరాదు. అచ్చు వేయక ముందు క్రొత్త సభ్యుని చేతికిచ్చి, ఎవరి సాయము లేకుండ యంత్రమును నమోదు చేయించుకొని, పరీక్షించి, తిరిగి అప్పగించు వరుసను అతనిచే చెప్పించవలెను. అతడు ఎక్కడ ఆగిపోవునో అక్కడ పుస్తకములోనే లోపము కలదని గ్రహించి సరిదిద్దవలెను. చదువురాని సభ్యులకు ఒకరు బిగ్గరగా చదివి వినిపించవలెను. ప్రతి సంవత్సరము తొలకరికి ముందు రేట్లు, ఫోను నంబర్లు సవరించి, పైన తేదీ వేయవలెను.

ఎంత మంచి పుస్తకమైనను తోడు మనిషికి సాటి రాదు. మొదటి పర్యాయము యంత్రము పొలమునకు పోవునప్పుడు అనుభవమున్న సభ్యుని ఒకరిని వెంట పంపవలెను. వీలైనచో సంఘము తరఫున ఒకరిని అనంతపురము జిల్లా గార్లదిన్నెలో గల వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపి తర్ఫీదు ఇప్పించుట మంచిది. అతడు నేర్చుకొని వచ్చిన సంగతులను మరుసటి ఏటి పుస్తకములో చేర్చుకొనవచ్చును.