వేడినీటి బుగ్గల బంగారం: మన బండల్లో ఎందుకు లేదు?

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలలో పునాదికి ఎక్కడ తవ్వినా గ్రానైటు బండే తగులుతుంది. ఆ బండ మీదనే నగల దుకాణాలు వెలిశాయి. అయితే దుకాణంలోని సరుకుకూ, దాని కిందనున్న బండకూ ఎట్టి సంబంధం లేదు. మన దేశంలో వాడకమయ్యే బంగారంలో అత్యధిక భాగం దిగుమతి సరుకే. అది వచ్చే విదేశీ గనులలో ఒక ముఖ్యమైన తరహా, అగ్నిపర్వతాల వేడినీటి బుగ్గల వల్ల ఏర్పడినది. వీటి తత్వం తెలిస్తే సరఫరా అంచనా వర్తకులకు కొంత సులభమవుతుంది.

అగ్నిపర్వతం కింద కాగే శిలాద్రవం చుట్టుపక్కల నీటిని వేడెక్కిస్తుంది. గంధకం కలిసిన ఆ వేడినీరు బంగారాన్ని కరిగించుకొని పగుళ్ల వెంట పైకి వస్తుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి నీరు మరుగుతుంది. గంధకపు వాయువు ఆవిరితో పోతుంది. బంగారాన్ని పట్టి ఉంచేది ఆ గంధకమే గనుక, అది పోగానే బంగారం పగుళ్లలో పేరుకుంటుంది. ఇదంతా సాధారణంగా 300 డిగ్రీల లోపు వేడిలో, ఉపరితలానికి కిలోమీటరు, కిలోమీటరున్నర లోతులోపునే జరుగుతుంది.

జపానులోని హిషికారి గని ఇందుకు ఉదాహరణ. 1981లో కనుగొన్నారు. 1985లో తవ్వకం మొదలైంది. అక్కడి సిరల వయస్సు సుమారు 10 లక్షల సంవత్సరాలే. ఇప్పటికీ గనిలోంచి 65 డిగ్రీల వేడినీటిని తోడి పోయవలసి వస్తున్నది. అక్కడి ముడి రాయి టన్నుకు 20 గ్రాములకు పైగా బంగారం ఇచ్చింది. అంటే 10 గ్రాముల తులానికి అర టన్ను రాయి చాలు. టన్నుకు ఒక గ్రామే ఉన్న గనిలో అదే తులానికి పది టన్నులు, అనగా ఒక లారీ లోడు, పగులగొట్టాలి.

మరి మన వద్ద? హైదరాబాదు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అది భూగర్భంలో కిలోమీటర్ల లోతున చల్లారిన రాయి. దాని పైనున్న పొరలు ఏనాడో కొట్టుకుపోయాయి. బుగ్గల బంగారం ఉండేది పై అంతస్తులో గనుక, ఒకవేళ ఉన్నా ఆ పొరలతోనే పోయి ఉంటుంది. వికారాబాద్ వైపు కనిపించే దక్కను లావాలోనూ ఈ తరహా గని ఏదీ నడవలేదు. మణుగూరు దగ్గర పగిడేరులో వేడినీరు ఉబికినా దానికి అగ్నిపర్వతం కారణం కాదు. రామగిరి, చిగర్‌గుంట, జొన్నగిరి, పొరుగున కోలారు బంగారం వేరే జాతి. అది పురాతన శిలల్లో చాలా లోతున ఏర్పడినది. తెలుగు కార్మికులు ఎందరో పనిచేసిన కోలారు గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయి, 2001లో మూతపడింది.

బుగ్గల గనులు త్వరగా ఫలితమిస్తాయి, త్వరగానే అడుగంటుతాయి. లోతుకు పోయినకొద్దీ బంగారం, వెండి తగ్గి సీసం, జింకు పెరగడం వాటిలో మామూలు. అమెరికాలోని కామ్‌స్టాక్ వెండి గని 1859లో బయటపడింది. 1873లో పెద్ద నిధి తగిలింది. 1880 నాటికే జోరు చల్లారింది.

వెండి వర్తకులు గమనించవలసినది మరొకటి ఉంది. మెక్సికోలో ఈ తరహా వెండి గనులు ఉన్నా, ప్రపంచ వెండిలో మూడింట రెండు వంతులకు పైగా సీసం, జింకు, రాగి, బంగారు గనుల ఉపఉత్పత్తిగానే వస్తుంది. మన రాజస్థాన్ వెండి కూడా ఈ కోవలోదే. కనుక వెండి ధర ఎగిరినంత మాత్రాన సరఫరా వెంటనే పెరగదు. జింకుకు గిరాకీ పడిపోతే వెండి రాక తగ్గే అవకాశమూ ఉంది.

కొత్త గని కబుర్లతో వాటాలు కొనేవారికి 1997 నాటి ఉదంతం హెచ్చరిక. ఇండొనేషియాలోని బుసాంగ్‌లో అగ్నిపర్వత శిలల్లో అపార బంగారం ఉన్నదని కెనడా కంపెనీ బ్రె-ఎక్స్ చాటింది. నమూనాలలో బయటి బంగారం కలిపినట్టు స్వతంత్ర పరీక్షలో తేలింది. వాటాలు చిత్తుకాగితాలయ్యాయి. రాయి కథ ఎంత నమ్మకంగా ఉన్నా, నమూనాను పరీక్షించినది ఎవరో ముందు అడగడం మేలు.