మెట్లు మూసుకుపోతే కిటికీయే దారి

2022 మే 13, సాయంత్రం. పశ్చిమ ఢిల్లీలో ముండ్కా మెట్రో స్టేషన్ దగ్గర ఒక వాణిజ్య భవనం తగలబడుతోంది. పని ముగించుకుని అటుగా వస్తున్న ఓ క్రేన్ డ్రైవర్‌కు ఆ పొగ కనిపించింది. రోడ్డు మధ్య డివైడర్‌ను పగలగొట్టి మరీ బండిని భవనం పక్కకు చేర్చాడు. అద్దాలు పగిలిన కిటికీల దాకా క్రేన్ చెయ్యి చాపి, నలుగురైదుగురి చొప్పున కిందికి దించడం మొదలుపెట్టాడు. అలా దిగినవాళ్లు దాదాపు 50 మంది. ఇంకొందరు తాళ్లు పట్టుకుని జారారు. కొందరు దూకేశారు. 27 మంది ప్రాణాలు కోల్పోయారు. అంత భవనానికీ లోపలికి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా ఒకటే దారి.

ఆ రోజు అంతమందిని కాపాడిన యంత్రం బరువైన సామాన్లు ఎత్తడానికి తయారైనది. మనుషుల్ని దించాలన్న ఆలోచన దాన్ని చేసినవాడికి వచ్చి ఉండదు. అలాగని ఆ ఆలోచన ఎవరికీ రాలేదని కాదు. మెట్లు మంటల్లో ఉంటే మేడ మీది మనిషి ఎలా దిగాలన్న ప్రశ్న పట్టుకుని రెండు వందల ఏళ్లుగా బుర్రలు బద్దలు కొట్టుకున్నవాళ్లు ఎందరో. వాళ్లలో మేధావులున్నారు, కాస్త తిక్కవాళ్లూ ఉన్నారు.

తిక్క సంగతే ముందు చూద్దాం. 1879లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన బెంజమిన్ ఒప్పెన్‌హైమర్ ఒక పేటెంట్ సంపాదించాడు. నాలుగైదు అడుగుల వెడల్పున్న చిన్న పారాచూట్‌ను టోపీలా నెత్తిన పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించాలి. కాళ్లకు మందపాటి మెత్తటి అడుగుల బూట్లు తొడుక్కోవాలి. ఇక కిటికీలోంచి దూకడమే. మనిషి బరువంతా గడ్డం పట్టీ మీద వేలాడితే మెడ ఏమవుతుందో ఆయన ఆలోచించినట్టు లేదు.

అంతకు నాలుగు దశాబ్దాల ముందే లండన్‌లో ఇంకాస్త బుద్ధిగా పని మొదలైంది. మంటల నుంచి ప్రాణరక్షణ కోసం 1836లో అక్కడ ఒక సంఘం ఏర్పడింది. అబ్రహాం వైవెల్ రూపొందించిన చక్రాల నిచ్చెనలను వీధుల్లో అక్కడక్కడా నిలిపి, రాత్రంతా ఒక్కోదానికి ఒక్కో కాపలాదారును పెట్టింది. కేక వినిపిస్తే అతను నిచ్చెన తోసుకుంటూ పరుగెత్తాలి. ఇళ్లు మూడు నాలుగు అంతస్తులకు మించని ఊళ్లో అది చక్కగా పనికొచ్చింది. 1887లో ఫిలడెల్ఫియాకు చెందిన అనా కానెలీ అనే మహిళ మరో దారి వెతికింది. కిందికి దిగలేకపోతే పక్కకు పోవచ్చు కదా? ఒక మేడ కప్పు నుంచి పక్క మేడ కప్పు మీదికి వేసే కమ్ముల ఇనుప వంతెనకు ఆమె పేటెంట్ తీసుకుంది. డాబాల మీద గోడలు దూకి ఆడుకుంటూ పెరిగిన పాతబస్తీ పిల్లలకు ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇలాంటి ఉపాయాలు కొన్ని ఒకేసారి పరీక్షకు నిలబడిన రోజు 1911 మార్చి 25. న్యూయార్క్‌లోని పదంతస్తుల ఆష్ భవనంలో పై మూడు అంతస్తులు ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీవి. కుట్టుపని చేసేవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ అమ్మాయిలు. శనివారం, ఇళ్లకు బయల్దేరే వేళ ఎనిమిదో అంతస్తులో నిప్పు అంటుకుంది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. దొంగతనాలు జరక్కుండా అందరినీ ఒకే తలుపు గుండా పంపి సంచులు వెతకడం అక్కడి అలవాటు. భవనం వెనక ఇనుప మెట్లున్నాయి గానీ మనుషుల బరువుకు అవి ఊడి కూలిపోయాయి. ఫైరింజన్ వచ్చింది గానీ దాని నిచ్చెన ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయింది. కింద వల పట్టుకుని నిలబడ్డారు గానీ అంత ఎత్తు నుంచి పడుతున్నవాళ్ల తాకిడికి వలలు చిరిగిపోయాయి. మొత్తం 146 మంది చనిపోయారు.

ఎక్కువమందిని కాపాడింది, అగ్ని ప్రమాదంలో ముట్టుకోవద్దని ఇప్పుడు ప్రతి భవనంలో బోర్డు పెట్టే లిఫ్టు! జోసెఫ్ జీటో, గాస్పర్ మోర్టిలారో అనే ఇద్దరు లిఫ్టు ఆపరేటర్లు ఆ పొగలోకే మళ్లీ మళ్లీ వెళ్లి, పట్టినంతమందిని కుక్కుకుని కిందికి తెచ్చారు. ఇక కదలనని యంత్రం మొరాయించేదాకా ఆగలేదు.

లిఫ్టు సంగతి ఇక్కడే కాస్త తేల్చుకోవాలి. మామూలు లిఫ్టు మంటల్లో ఎందుకు వద్దంటే, అది నడిచే గొయ్యి పొగగొట్టంలా పనిచేస్తుంది. కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది. మంట ఉన్న అంతస్తులోనే తలుపు తెరుచుకోవచ్చు కూడా. అందుకే మన జాతీయ భవన నిర్మాణ స్మృతి లిఫ్టును బయటపడే దారిగా లెక్కించదు. కానీ వంద అంతస్తుల మీది నుంచి ముసలివాళ్లూ, గర్భిణులూ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ మెట్ల మీదుగా దిగడం అయ్యే పని కాదు. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో మొదటి టవర్‌కు విమానం తగిలాక రెండో టవర్‌ను ఇంకో విమానం తాకేలోపు సుమారు 16 నిమిషాల వ్యవధి దొరికింది. ఆ కాస్త సమయంలో రెండో టవర్‌లోని జనం వెంటనే బయల్దేరడం, లిఫ్టులు నడుస్తూ ఉండడం కలిసి దాదాపు 3,000 మందిని బతికించాయని అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ విచారణలో తేలింది. దుబాయ్‌లోని 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో మధ్యమధ్యలో పొగ చొరబడని ఆశ్రయ అంతస్తులు కట్టి, జనాన్ని కిందికి చేర్చేలా కొన్ని లిఫ్టులను సిద్ధం చేసింది ఈ ఎరుకతోనే. ఇజ్రాయెల్‌లోని ఒక సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, డాబా మీద మడిచిపెట్టి ఉంచే ఐదు గదుల వరుసను తయారుచేసింది. ప్రమాదమప్పుడు అది గోడ వెంట కిందికి దిగి ఐదు అంతస్తుల కిటికీల ముందు ఒకేసారి నిలుస్తుంది. ఒక్కో గదిలో 30 మంది చొప్పున, విడతకు 150 మంది. చూడముచ్చటైన యంత్రమే. కాకపోతే దాన్ని కొనగలిగే భవనాలకు మంచి మెట్లు, స్ప్రింక్లర్లు ఎలాగూ ఉంటాయి.

మన ఊళ్లలో మనుషులు చనిపోతున్నది వంద అంతస్తుల్లో కాదు.

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంట లేచింది. పొగ మెట్ల గుండా పైకి ఎగబాకింది. గదుల్లోని వాళ్లు కిటికీల్లోంచి దూకారు, పైపులు పట్టుకుని జారారు. 8 మంది మరణించారు. మరో ఆరు నెలలకు, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లలు వాళ్లు. ఆ ఏడాది నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో రసాయనాలు నిలవ ఉంచిన అపార్ట్‌మెంట్‌లో 9 మంది. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో 8 మంది పిల్లలు. ఆ ఇల్లు ఎంత ఎత్తని? కింది అంతస్తు కాక మరో రెండు, అంతే. ఎక్కడానికి, దిగడానికి ఇరుకైన మెట్లు ఒకటే వరుస.

తెలుగు రాష్ట్రాల్లో నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితేనే అనుమతి కోసం అగ్నిమాపక శాఖ గడప తొక్కాలి. గుల్జార్ హౌజ్ లాంటి ఇల్లు ఆ కొలతలోకి రాదు. పెద్ద నిచ్చెన కొందామంటే అది ఇంకో కథ. ఫిన్లాండ్‌కు చెందిన బ్రాంటో స్కైలిఫ్ట్ సంస్థ 112 మీటర్ల దాకా లేచే వేదికల వాహనాలు చేస్తుంది. అంత ఎత్తు చెయ్యి చాపాలంటే ఆ లారీ నాలుగు వైపులా కాళ్లు చాపుకుని గట్టి నేల మీద నిలబడాలి. ఆటో ఎదురైతే బైకు వెనక్కి తీయాల్సిన సందులో అది కాళ్లు ఎక్కడ చాపుకుంటుంది? పైన కరెంటు తీగలు, కేబుల్ తీగల సంగతి చెప్పనే అక్కర్లేదు.

సరిగ్గా ఇలాంటి ఇరుకు భవనాల కోసమే జపాన్, దక్షిణ కొరియా ఒక చిన్న పరికరాన్ని దశాబ్దాలుగా గోడలకు బిగిస్తున్నాయి. జపాన్‌లో కాన్‌కోకి అంటారు, కొరియాలో వాన్‌గాంగి. నెమ్మదిగా దించేది అని అర్థం. మనం దిగుడు గిలక అనుకోవచ్చు. కిటికీ పక్కన ఇనుప చెయ్యి ఉంటుంది. దానికి గిలక, గిలక మీద ఉక్కు తీగ పొదిగిన తాడు, తాడు రెండు కొసలకూ రెండు నడికట్లు. నడికట్టును చంకల కింద నుంచి తొడుక్కుని బిగించి, తాడు చుట్టను కిందికి విసిరి, గోడవైపు తిరిగి వేలాడితే చాలు, మనిషి నింపాదిగా నేలకు చేరతాడు. పాత బావిలో రెండు బొక్కెనల గిలక చూసినవాళ్లకు మిగతాది చెప్పకుండానే తెలుస్తుంది. ఒక కొస కిందికి పోతే రెండో కొస పైకొస్తుంది, తర్వాతి మనిషికి నడికట్టు సిద్ధం.

కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. గిలక తిరిగితే లోపలి పళ్ల చక్రాలు ఇంకా వేగంగా తిరిగి చిన్న దిమ్మెలను బయటికి విసురుతాయి. అవి చుట్టూ ఉన్న గోడకు రాసుకుని వేగాన్ని పట్టి ఆపుతాయి. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే బడికెళ్లే పిల్లైనా, నిండు మనిషైనా దిగే వేగంలో పెద్ద తేడా ఉండదు. కొరియాలో మూడు నుంచి పదో అంతస్తు దాకా దీన్ని పెట్టాలన్న నిబంధన ఉంది. అంతకంటే ఎత్తులో తాడు పొడవు పెరుగుతుంది, గాలికి మనిషి ఊగుతాడు, కిందికి చూస్తే గుండె జారుతుంది.

జపాన్ అపార్ట్‌మెంట్లలో ఇంకో ఏర్పాటూ కనిపిస్తుంది. బాల్కనీ నేలలో ఒక మూత, ఎత్తితే మడత నిచ్చెన కింది బాల్కనీలోకి జారుతుంది. పై మూత ఉన్నచోటే కింది మూత ఉండదు. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల. ఒకటి తెరిచి ఉన్నా మనిషి నేరుగా నేల దాకా పడిపోకుండా ఈ జాగ్రత్త. పక్క ఫ్లాటుకూ మనకూ మధ్య బాల్కనీలో ఉండేది పలుచటి పలక. అవసరమైతే తన్ని పగలగొట్టుకుని పొమ్మని దాని మీదే రాసి ఉంటుంది. ఇంత జాగ్రత్త ఉన్న దేశంలోనే 2001 సెప్టెంబర్ 1న టోక్యోలోని కబుకిచో వినోద వీధిలో ఓ చిన్న భవనం తగలబడి 44 మంది చనిపోయారు. ఉన్న ఒక్క మెట్ల దారినీ సామాన్లతో నింపేశారు. ఆ తర్వాతే అక్కడ అగ్ని చట్టాన్ని కఠినం చేశారు.

గోడకు బిగించినంత మాత్రాన సరిపోదని కొరియాకు 2024 ఆగస్టు 22న తెలిసొచ్చింది. బుచియాన్ నగరంలోని ఒక హోటల్‌లో మంటలు లేస్తే ఇద్దరు ప్రాణభయంతో కింద పరిచిన గాలిపరుపు మీదికి దూకారు. మొదటి మనిషి అంచున పడడంతో పరుపు తిరగబడింది, రెండో మనిషి నేలను తాకాడు. ఆ హోటల్‌లో మొత్తం ఏడుగురు మరణించారు. గదిలో ఉండాల్సిన గిలకల గురించి దేశమంతా చర్చ ఆ తర్వాతే మొదలైంది. ఎక్కడ ఉంటుందో, నడికట్టు ఎలా తొడుక్కోవాలో తమకు తెలియదని ఎందరో ఒప్పుకున్నారు. తెలియకపోతే నిజంగానే ప్రమాదం. దిగుతూ చేతులు పైకెత్తి తాడు పట్టుకోబోతే నడికట్టు చంకల్లోంచి జారిపోతుంది.

తాడును నమ్మి ఎత్తున వేలాడడం మనకు కొత్త విద్యేమీ కాదు. మోకు నడుముకు వేసుకుని రోజూ తాటిచెట్టు ఎక్కి దిగే గీత కార్మికులు ఊరూరా ఉన్నారు. వాళ్లకు కూడా పట్టు తప్పినప్పుడు ఆపే పరికరం కావాలనే తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇచ్చి, వాడడం నేర్పించింది. చెట్టెక్కే మనిషికి ఇచ్చిన ఆ శిక్షణ నాలుగో అంతస్తు హాస్టల్‌లో ఉండే అమ్మాయికి ఎందుకు అక్కర్లేదో అర్థం కాదు.

ముంబై ఈ దిశలో కొంత నడిచింది. అక్కడి నిబంధనల ప్రకారం 70 మీటర్లు దాటిన భవనానికి మెట్ల పక్కన ప్రత్యేకమైన గొయ్యి కట్టి, అందులో జారుడు గొట్టం గానీ, నెమ్మదిగా దించే పరికరం గానీ అమర్చాలి. జారుడు గొట్టమంటే మంటకు తట్టుకునే పొడవాటి గుడ్డ సంచి. లోపలి సాగే పొర ఒంటిని పట్టి ఉంచుతుంది. మోచేతులు, మోకాళ్లు వెడల్పు చేస్తే ఆగుతారు, దగ్గరికి తీస్తే జారతారు. నడవలేనివాళ్లను కూడా పై నుంచి పంపించవచ్చు, కింద ఒకరు పట్టుకుంటే చాలు. అయితే ఈ నిబంధన కూడా ఆకాశాన్నంటే టవర్లకే. నాలుగంతస్తుల కోచింగ్ సెంటర్లకు కాదు. 2019 మే 24న సూరత్‌లోని తక్షశిల కాంప్లెక్స్‌లో 22 మంది విద్యార్థులు పోయింది అలాంటి చోటే. పై అంతస్తుకు వెళ్లే చెక్క మెట్లు ముందే కాలిపోతే, పిల్లలు కిటికీల్లోంచి దూకడం దేశమంతా టీవీల్లో చూసింది.

గిలక కొన్నా, గొట్టం కొన్నా బయటపడాల్సింది కిటికీలోంచో బాల్కనీలోంచో. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఫ్లాటు చేతికొచ్చాక ముందు పిలిచేది వెల్డింగ్ మనిషిని. కిటికీలకు గ్రిల్లు, బాల్కనీకి నిలువెల్లా గ్రిల్లు, దాని మీద పావురాల వల. డాబా తలుపుకు అసోసియేషన్ వారి తాళం. దొంగ భయం అబద్ధమేమీ కాదు గనక గ్రిల్లే వద్దంటే ఎవరూ వినరు. వెల్డింగ్ షాపులో అడిగితే అదే గ్రిల్లులో మనిషి పట్టేంత చిన్న తలుపు పెట్టి, లోపలి నుంచి తీసే గడియ బిగిస్తారు. కొంతమంది పెట్టించుకుంటున్నారు కూడా. ఆ తలుపుకు మళ్లీ ఒక తాళం వేసి, చెవి బీరువాలో దాచిన ఇళ్లూ ఉన్నాయి.