రికార్డు గది తాళం ఎవరి చేతికి?

తెనాల్లో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పనిలో చేరిన కుర్రోడు ఒకడు మొన్న నన్నడిగాడు. "అన్నా, సర్కారు డేటాబేస్‌లోకి బయటి టూల్ నేరుగా పోయి అడిగితే తప్పేంది? పని తొందరగా అయిద్ది గదా."

నేను కంప్యూటర్ చదువు చదవలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదే చెప్తా. డేటాబేస్ అంటే తాసీల్దారు ఆఫీసులో రికార్డు గది అనుకోండి. కిటికీ కాడ గుమస్తా ఉంటాడు. అడిగిన కాయితం ఒక్కటే తీసిస్తాడు, ఎవరడిగారో పుస్తకంలో రాస్తాడు. కంప్యూటర్ భాషలో ఆ కిటికీ పేరే ఏపీఐ. ఇక నేరుగా అడగటం అంటే బయటోడి చేతికి గది తాళమే ఇవ్వటం. వాడు ఎస్‌క్యూఎల్ భాషలో ఏ బీరువా అయినా తెరుస్తాడు.

"చదవటమేగా, ఏం మార్చట్లేదు" అంటారు. చదవటంతోనూ దెబ్బ తగిలిద్ది. ఖరీఫ్‌లో ఈ-క్రాప్ నమోదు జోరుగా సాగే రోజుల్లో ఎవడో రాష్ట్రమంతా ఒక్క ప్రశ్నలో అడిగితే సర్వర్ మూలుగుద్ది. రైతు సేవా కేంద్రం కాడ మనోళ్లు నిలబడాల. ఇంకోటి, బీరువాలు జరిపితే గుమస్తాకి తెలుసుద్ది గానీ తాళం పుచ్చుకున్నోడికి ఎట్టా తెలుసుద్ది?

అసలు చిక్కు వేరే ఉంది. రేపల్లె, బాపట్ల వైపు వరి చేలల్లో చాలాచోట్ల దిగేది కౌలు రైతు. వెబ్‌ల్యాండ్‌లో పేరు మాత్రం యజమానిది. పంట వేసినోడి పేరు ఈ-క్రాప్‌లో ఉంటది, అదీ నమోదు చేయించుకుంటేనే. 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగు హక్కు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాల. చాలామంది ఆ సంతకం పెట్టరు, మనకు తెలిసిందే. ఇప్పుడు ఓ బ్యాంకు టూల్ నేరుగా వెబ్‌ల్యాండ్‌ని "ఈ సర్వే నంబర్లో రైతెవరు" అని అడిగిందనుకోండి. యజమాని పేరొచ్చిద్ది. డేటా అబద్ధం చెప్పలేదు. పట్టాదారు వేరు, సాగుదారు వేరు అని ఆ టూల్‌కి చెప్పినోడు లేడు, అంతే. కౌలు రైతు లెక్కలో లేకుండా పోయాడు.

గది తలుపు బార్లా తీస్తే ఏమైద్దో మన రాష్ట్రం చూసింది. 2018 ఏప్రిల్‌లో గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం అందరికీ కనపడ్డయ్. హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. ఇల్లు కోసం దరఖాస్తు పెట్టుకున్న పేదోడి మతం ఊరందరికీ ఎందుకయ్యా?

2025 జనవరి 30న 'మన మిత్ర' మొదలైంది. వాట్సాప్‌లోనే 161 సేవలు అన్నారు. ఆఫీసుకి పోయే చార్జీలు మిగులుతయ్, నేను కాదనను. కానీ ఇట్టాంటివి పెరిగేకొద్దీ కిటికీలు పెరుగుతయ్. ఏ కిటికీ నుంచి ఎవరు ఏం అడిగారో చూపే పుస్తకం మన చేతికి రావాల. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. ఎస్తోనియా అనే చిన్న దేశంలో 2001 నుంచీ శాఖలన్నీ ఎక్స్-రోడ్ అనే దారిలోనే ఒకదాన్నొకటి అడుగుతయ్. అక్కడి మనిషి తన రికార్డు ఏ ఆఫీసోళ్లు చూశారో ఇంట్లో కూచుని చూసుకోగలడు.

మన కాడ అదింకా లేదు గానీ సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా ఆఫీసులో 10 రూపాయల ఫీజుతో ఇట్టా రాసి పెట్టండి: "మీ శాఖ డేటాబేస్‌ని చూసే అనుమతి ఏయే బయటి సంస్థలకి ఇచ్చారు? ఏయే వివరాలు చూడనిచ్చారు? ఆ ఒప్పందాల నకళ్లు ఇవ్వండి." బాపట్ల కలెక్టరేట్‌లోనైనా, గుంటూరు కలెక్టరేట్‌లోనైనా ఇదే కాయితం చెల్లుద్ది. రసీదు మాత్రం మర్చిపోకుండా తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకి అదే ఆధారం.