పోతే ఏం పోతుందో చూసి కొనండి

సూర్యాపేటలో మాది చిన్న డీటీపీ సెంటర్. పెండ్లి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, జిరాక్సు, లామినేషన్... రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక కలర్ ప్రింటర్ మీద బతికే దుకాణం. వాటికి కావలసిన మౌసులు, కీబోర్డులు, కేబుళ్లు తెచ్చుకునేటప్పుడు అడిగినవాళ్ల కోసం మరో నాలుగు తెచ్చి అమ్ముతుంటాను. అందుకే కౌంటర్ దగ్గర తరచూ ఒకటే ప్రశ్న: "అక్కా, ఇది ఆన్‌లైన్‌ల మూడు వందలకే వస్తున్నది, తీస్కోవచ్చునా?"

ధర చూసి నేను జవాబు చెప్పను. అది చెడిపోయిన రోజు ఏం పోతుందో చూసి చెబుతాను. మౌసు చెడితే మౌసే పోతుంది. ఛార్జర్ చెడితే ఫోను పోవచ్చు, ఒక్కోసారి పరుపూ కర్టెనూ అంటుకోవచ్చు. పెన్‌డ్రైవ్ చెడితే అందులోని ఫొటోలు పోతాయి. అవి ఏ దుకాణంలోనూ దొరకవు. మూడూ మూడు వందలవే కావచ్చు గానీ మూడింటికీ ఒకే సలహా చెప్పలేం.

చేతికింద అరిగేవి

మౌసు, కీబోర్డు, మౌస్‌ప్యాడ్, ఫోను స్టాండు వంటివి చవకలో కొనడానికి భయపడక్కర్లేదు. వైరున్న మౌసు తీసుకునేది 5 వోల్టులు, అదీ పిసరంత కరెంటు. డబ్బా మీద 1000 డీపీఐ, 3200 డీపీఐ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. చేయి అంగుళం కదిలితే మౌసు ఎన్ని చుక్కలుగా లెక్కపెడుతుందో ఆ అంకె చెబుతుంది. పత్రిక డిజైనుకైనా, ఆఫీసు పనికైనా వెయ్యి చాలు. మౌసులో ముందుగా పోయేది సెన్సరు కాదు, ఎడమ బటన్ కింది చిన్న స్విచ్చు. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నదంటే దాని పని అయిపోయినట్టే. కొనేటప్పుడు ఆ బటన్‌నే నాలుగైదుసార్లు నొక్కి చూడండి.

కీబోర్డు విషయంలో మా డీటీపీ వాళ్ల లెక్క వేరు. ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో ఏళ్లుగా టైపు చేసినవాళ్లకు ఏ అక్షరం ఎక్కడుందో వేళ్లకే తెలుసు. కీ మీది ఇంగ్లిష్ అక్షరం చెరిగిపోయినా పని ఆగదు. కొత్తగా తెలుగు టైపింగ్ నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ చెబుతాను. 1986లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పద్ధతి అది. అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. విండోస్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఏ పద్ధతిలో కొట్టినా కీబోర్డులో చూడాల్సింది స్పేస్‌బార్. దాన్ని మధ్యలో కాదు, రెండు కొసల్లో నొక్కండి. కొసల్లో ఇరుక్కుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఫొటోలు రాని కేబుల్

పాస్‌పోర్టు సైజు ఫొటో కోసం వచ్చినవాళ్లు ఫోనుతో పాటు కేబులూ ఇస్తారు. కంప్యూటర్‌కు తగిలిస్తే ఫోను ఛార్జింగ్ ఎక్కుతుంది, ఫొటోలు మాత్రం కనిపించవు. ఫోన్లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకున్నా అంతే. ఫోను ఖరాబైందేమోనని వాళ్ల కంగారు. చాలాసార్లు తప్పు కేబుల్‌దే. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకు రెండు తీగలు, డేటాకు రెండు తీగలు ఉండాలి. బాగా చవక కేబుళ్లలో కొన్నిటికి డేటా తీగలే వేయరు. కరెంటు తీగల్లోనూ రాగి తగ్గిస్తారు. రాగి సన్నబడితే దారిలోనే వోల్టేజీ పడిపోయి ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది.

టైప్-సీ వచ్చాక ఇంకో చిక్కు. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ టైప్-సీ తప్పనిసరి చేసింది. మన దగ్గరా ఇప్పుడు కొత్త ఫోన్లలో చాలావాటికి అదే. కానీ రంధ్రం ఒకటైనంత మాత్రాన కేబుళ్లన్నీ ఒకటి కావు. రెండు వైపులా టైప్-సీ ఉన్న మామూలు కేబుల్ 3 ఆంపియర్లు, అంటే 60 వాట్ల దాకా మోస్తుంది. అంతకు మించి మోయాలంటే కేబుల్ కొసలో ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. ఆ చిప్పున్న కేబుళ్లు 100 వాట్లు, కొత్త రకాలు 240 వాట్ల దాకా తీసుకెళ్తాయి. ఫోనుకు మామూలుది చాలు. లాప్‌టాప్ ఛార్జింగ్‌కు మాత్రం కేబుల్ మీద వాట్లు రాసి ఉన్నదే కొనండి.

గోడకు పెట్టేవి

సరుకు కోసం హైదరాబాద్ పోతే కంప్యూటర్ సామానుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. ఛార్జర్లు, స్పీకర్లు, చిల్లర ఎలక్ట్రానిక్స్‌కు కోఠి గుజరాతీ గల్లీ. అక్కడ ఒకే రూపంలో ఉన్న ఛార్జర్‌కు రెండు మూడు ధరలు చెబుతారు. ఒకటి ఒరిజినల్, ఒకటి ఫస్ట్ కాపీ, ఇంకొకటి అసలు పేరే లేనిది. బయటి నుంచి చూస్తే తేడా కనిపించదు. తేడా అంతా లోపలే.

ఛార్జర్ చేసే పని గోడలోంచి వచ్చే 230 వోల్టులను 5 వోల్టులకో 9 వోల్టులకో దించడం. లోపల ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని ఒక వైపు ఇంటి కరెంటు, రెండో వైపు మన చేతిలోని ఫోను. ఆ రెండు వైపుల మధ్య తగినంత ఎడం, మంచి ఇన్సులేషన్ ఉండాలి. ఖర్చు తగ్గించేవాళ్లు ముందుగా కోత పెట్టేది అక్కడే. వేడికి, తేమకు ఆ అడ్డు దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా ఫోను దాకా వస్తాయి. రెండు పిన్నుల మంచి ఛార్జర్‌తోనూ లోహపు బాడీ ఉన్న వస్తువు కొద్దిగా జిల్లుమనిపించవచ్చు. చేయి వెనక్కి లాక్కునేంత ఉంటే మాత్రం ఆ ఛార్జర్‌ను మళ్లీ వాడొద్దు.

దీనికి చదువు, పరికరాలు అక్కర్లేని పరీక్ష ఒకటుంది. మన దేశంలో అడాప్టర్లు, పవర్‌బ్యాంకులు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర తప్పనిసరిగా నమోదు కావాలి. ఆ నమోదు గుర్తుతో పాటు ‘ఐఎస్’తో మొదలయ్యే ప్రమాణం సంఖ్య, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు వస్తువు మీద ఉండాలి. ఫోన్లో ‘బీఐఎస్ కేర్’ యాప్ పెట్టుకొని ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, వస్తువు పేరు, బ్రాండు కనిపిస్తాయి. నంబరు అచ్చు వేయడం ఎవరికైనా చేతనవుతుంది. యాప్‌లో వచ్చిన పేరూ డబ్బా మీది పేరూ కలవకపోతే తిరిగి ఇచ్చేయండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఐఎస్ఐ గుర్తు చూడాలి. 6 ఆంపియర్ల బాక్సు మోసేది 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు. 1,500 వాట్ల కెటిల్ ఒక్కటి పెట్టినా హద్దు దాటినట్టే. ఇక యూపీఎస్ ఉన్నవాళ్లకు ఒక మాట: లేజర్ ప్రింటర్ ప్లగ్గు అందులో పెట్టకండి. కాగితం మీద పొడిని కరిగించి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు వందల వాట్లు లాగుతుంది. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ మోసేది మామూలుగా 360 వాట్లే.

పవర్‌బ్యాంకు లెక్క

"పదివేలది కొన్న, నా ఫోన్ అయిదువేలది, రెండుసార్లు ఎక్కాలె గదా" అని కుర్రాళ్లు గొడవకొస్తారు. అది మోసం కాదు, లెక్క. 10,000 ఎంఏహెచ్ అనేది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. శక్తిగా చూస్తే 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచితే 7,400 అవుతుంది. మార్పిడిలో వేడిగా కొంత పోతే చేతికొచ్చేది ఆరువేల చిల్లర. అసలైన అంకె ‘రేటెడ్ కెపాసిటీ’ అని వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. 5,000 ఎంఏహెచ్ ఫోను సుమారు ఒకటిన్నర సార్లు ఎక్కుతుంది.

మోసం ఎక్కడంటే, జేబులో పట్టే డబ్బా మీద 50,000 అని వేసినప్పుడు. గుండ్రటి 18650 రకం సెల్ ఒక్కోటి 45 గ్రాములకు పైగా బరువు, పట్టేది మహా అయితే 3,500 ఎంఏహెచ్ దాకా. యాభైవేలకు అలాంటివి పదిహేనైనా కావాలి. సెల్స్ బరువే 600 గ్రాములు దాటుతుంది. అరచేతిలో తేలిగ్గా ఉన్నదంటే అంకె అబద్ధం. నిజమైనా విమానంలో తీసుకెళ్లలేరు. 100 వాట్-అవర్ల దాకా, అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్ వరకే మామూలుగా అనుమతి, అదీ చేతి సంచిలోనే. అమెరికాకు పోయే పిల్లలకు సామాను సర్దే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. పవర్‌బ్యాంకును చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు.

పెన్‌డ్రైవ్ చెప్పే అబద్ధం

నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది ఇదే. పొగ రాదు, వాసన రాదు. నాలుగు వందలకు 2 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌లో నిజంగా ఉండేది 16 జీబీనో 32 జీబీనో. లోపలి కంట్రోలర్ చిప్పుకు అబద్ధం నేర్పి పంపుతారు. కంప్యూటర్‌కు పెడితే 2 టీబీ అనే చూపిస్తుంది, కాపీ కూడా అవుతుంది. అసలు చోటు నిండాక, చివరి పేజీ అయిపోతే మళ్లీ మొదటి పేజీ మీదే రాసే నోటుబుక్కులా పాతదాన్ని చెరిపేస్తుంది. కొన్నయితే వచ్చినదాన్ని వచ్చినట్టే పారేస్తాయి. ఫైళ్ల పేర్లు మాత్రం పట్టీలో భద్రంగా కనిపిస్తాయి. తెరిచిన రోజే తెలుస్తుంది. అలాంటి డ్రైవ్‌లో పెండ్లి ఆల్బం ఫొటోలు తెచ్చిన ఒకాయనకు పట్టీ అంతా చూపించాను. తెరుచుకున్నవి మాత్రం కొన్నే.

కొన్న వెంటనే, ఖాళీగా ఉన్నప్పుడే పరీక్షించాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ మొత్తం నింపి, తిరిగి చదివి, నిజమైన పరిమాణం చెబుతుంది. గంటలు పట్టినా ఫరవాలేదు. 64 జీబీ కొంటే విండోస్ 59 చిల్లరే చూపించడం మాత్రం మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. ఇక ఎంత మంచి డ్రైవ్ అయినా, ముఖ్యమైన ఫైలు రెండు చోట్ల లేదంటే లేనట్టే అనుకోండి.

చవకే తెలివైన చోట

చవక అంటేనే నాసి అని నేననను. మా లేజర్ ప్రింటర్‌లో వాడే 12ఎ టోనర్ కార్ట్రిడ్జ్ సుమారు 2,000 పేజీలకు వస్తుంది. అయిపోయినప్పుడల్లా కొత్తది కొంటే రెండు రూపాయల జిరాక్సు మీద బతకలేం. పొడి నింపించుకుంటాం. డ్రమ్ము అరిగి గీతలు పడితే డ్రమ్ము మార్పిస్తాం. తేడా వచ్చినా పోయేది నాలుగు కాగితాలు. అలాగే హార్డ్ డిస్కుతో నడిచే పాత లాప్‌టాప్ నెమ్మదించిందని కొత్తది కొనే ముందు ఎస్ఎస్‌డీ వేయించి చూడండి. హార్డ్ డిస్కులో పళ్లెం తిరిగి, ముల్లు ఆ చోటికి చేరాకే డేటా వస్తుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. ఇంటర్ పిల్లవాడి చదువుకు, ఆన్‌లైన్ దరఖాస్తులకు ఆ పాత యంత్రమే ఇంకొన్నేళ్లు వస్తుంది.

కాబట్టి డబ్బు మిగుల్చుకోవాలంటే మౌసు, కీబోర్డు, టోనర్ పొడి దగ్గర మిగుల్చుకోండి. గోడకు పెట్టేదాని దగ్గర, జ్ఞాపకాలు దాచేదాని దగ్గర మిగుల్చుకోకండి. ఎంత చిన్న వస్తువుకైనా బిల్లు అడగండి, మా దుకాణంలోనైనా సరే. బిల్లుంటేనే వారంటీ మాట చెల్లుతుంది. అమ్మినవాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే చెప్పుకోవచ్చు.