వాయుసేన వాకిట వినయము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వైపు పెద్దల యెదుట కన్నెత్తక మెల్లగా మాటాడుట పిల్లలకు చిన్ననాటి అలవాటు. ఇంట అది వినయమే. వాయుసేనలో విమానచోదకుడు కాగోరి మైసూరులోని ఎంపిక బోర్డు యెదుట నిలుచువానికి మాత్రము అదియే అడ్డు. అచటి అధికారి దాసోహము కోరడు. పౌరుడు సెల్యూటు చేయనక్కరలేదు, పలుకరించిన చాలును. కూర్చుండుమనిన పిదప నిటారుగా కూర్చుండి, ముఖము చూచి బదులీయవలెను. తెలియనిదానిని “తెలియదు సార్” అనుటయే మర్యాద. అల్లిన జవాబు మరి రెండు ప్రశ్నలకే బయటపడును.

బృందచర్చలో వంతు ఎవరును ఈయరు, తానే అందుకొనవలెను. అట్లని ప్రక్కవాని మాట త్రుంచుటయు తగదు. గొంతు పెంచవద్దని పెంచిన ఆడపిల్లకు ఈ చిక్కు రెట్టింపు. అయినను 2016లో ముగ్గురు యువతులు మన దుండిగల్లు అకాడమీలోనే యుద్ధవిమానముల శాఖకు అధికారిణులైరి!

ఇంటర్వ్యూలో తప్పినవారు మరల పోవచ్చును. చోదనసామర్థ్యమును యంత్రముపై చూచు పరీక్ష మాత్రము జీవితమున ఒక్కసారియే. అందు తప్పినచో చోదకశాఖ ఆశ వదలుకొనవలసినదే. ఆ ముందురాత్రి పుస్తకము మూసి నిద్రించుట మేలు.