బిడ్డకు ఏడాది నిండింది - కారులో సీటు మార్చాలా?

మీ బిడ్డకు ఏడాది నిండింది. పుట్టువెంట్రుకలు వేములవాడ రాజన్నకు ఇస్తామని మొక్కుకున్నారు. కరీంనగర్ నుంచి ఇంటిల్లిపాదీ కారులో బయలుదేరారు. బిడ్డ పుట్టిన కొత్తలో కొన్న బుట్ట సీటు ఉంది. అందులో కూర్చోబెట్టబోతే కాళ్లు ముడుచుకుంటున్నాయి. బిడ్డ గునుస్తోంది. పక్కనున్న నాయనమ్మ ఊరుకోలేక అందుకుంటుంది: "గా బుట్టల కాళ్లు పడ్తలేవు. పిల్లనెందుకు గోస పెడ్తరు? ఇటియ్యి బిడ్డా, నా ఒళ్లె కూసోబెట్టుకుంట."

మీరూ ఇచ్చేస్తారు. గంట ప్రయాణమే కదా, ఏమవుతుందిలే అనుకుంటారు.

మన ఇళ్లలో తరచుగా జరిగే ఈ చిన్న సంఘటనలో రెండు పొరపాట్లున్నాయి. పెద్దల ఒడి సీటుకు బదులవుతుందనుకోవడం మొదటిది. కాళ్లు ముడుచుకున్నాయి కాబట్టి సీటు చిన్నదైపోయిందనుకోవడం రెండోది. మొదటి పొరపాటు చేయని చదువుకున్న తల్లిదండ్రులు కూడా రెండోది చేస్తూ ఉంటారు. ఈ రెండింటి గురించీ తెలుసుకుంటే, తర్వాత ఏ సీటు కొనాలో మీకే తెలుస్తుంది.

ఒడి ఎందుకు చాలదు?

మీ కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. గేదె అడ్డం వచ్చిందనో, ఎదురుగా లారీ వచ్చిందనో కారు దేనికో గుద్దుకుంది. కారు సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతుంది. కాని ఒడిలోని బిడ్డ ఆగదు. అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ క్షణంలో 10 కిలోల బిడ్డను పట్టి ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. అంటే ఏభై కిలోల బియ్యం బస్తాలు మూడింటిని ఒక్కసారిగా చేతుల్లో పట్టుకోవడమన్నమాట! ఏ తల్లి చేతులకైనా, ఎంత ప్రేమ ఉన్నా, అది సాధ్యమయ్యే పని కాదు.

ఇంకో విధంగా చెప్పాలంటే, ఆ వేగంతో గుద్దుకోవడం మూడంతస్తుల మేడ మీదనుంచి పడటంతో సమానం. రాజీవ్ రహదారి మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అది ఎనిమిదంతస్తుల మేడ అవుతుంది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసుకోవడం ఇంకా ప్రమాదం. పెద్దవారి బరువంతా వచ్చి బెల్టుకూ తమకూ మధ్యనున్న పసిబిడ్డ మీద పడుతుంది.

పిల్లలను వారికి తగిన సీటులో కట్టి కూర్చోబెడితే కారు ప్రమాదాల్లో చిన్నపిల్లల మరణాలు సగానికి పైగా తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక మందు ఇంత గుణం చూపిస్తే మనం ఎగబడి కొంటాం కదా!

వెనక్కి తిరిగి ఎందుకు?

బుట్ట సీటులో బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉంటుంది. ఇది చాలామందికి నచ్చదు. ఏడాది నిండగానే ఎప్పుడెప్పుడు ముందుకు తిప్పుదామా అని చూస్తుంటారు. అలా తిప్పేముందు బిడ్డ మెడ ఎలా ఉంటుందో తెలుసుకోండి.

అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. మనకైతే అది ఎనిమిదో వంతు. అంత పెద్ద తలను మోసే మెడ మాత్రం లేత కాడలాంటిది. పసిపిల్లల మెడలో వెన్నుపూసలు మనకున్నట్టు గట్టి ఎముకలు కావు. ఒక్కొక్కటి ముక్కలుగా ఉండి, మెత్తని మృదులాస్థితో కలిసి ఉంటాయి. అవి పూర్తిగా అతుక్కుని గట్టిపడటానికి కొన్నేళ్లు పడుతుంది. బిడ్డ ముందుకు తిరిగి కూర్చుని ఉండగా కారు గుద్దుకుంటే పట్టీలు ఒంటిని ఆపుతాయి కాని, తల ముందుకు విసిరినట్టు పోతుంది. ఆ లాగుడంతా మెడ మీద, దానిలోని వెన్నుపాము మీద పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డకు తల, మెడ, వీపు మూడూ సీటు వీపుకు ఆనుకుంటాయి. దెబ్బ ఒకేచోట పడకుండా వీపంతా పంచుకుంటుంది.

ఈ సంగతి కనిపెట్టి మొదటి వెనక్కి తిరిగే సీటు తయారుచేసినవారు స్వీడన్ దేశపు వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మాన్. అది 1964వ సంవత్సరం. రోదసిలోకి పోయే వ్యోమగాములు వెల్లకిలా పడుకుని వీపుతో ఆ ఒత్తిడిని భరించడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. స్వీడన్‌లో నాలుగేళ్లు వచ్చేదాకా పిల్లలను వెనక్కి తిప్పే కూర్చోబెట్టడం అలవాటు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2018లో తన సలహాను మార్చుకుంది. ఇన్నేళ్లని లెక్క పెట్టకుండా, సీటు మీద రాసిన బరువు, ఎత్తుల హద్దు దాటేవరకు బిడ్డను వెనక్కి తిప్పే ఉంచమని చెప్పింది.

సీటు చిన్నదైందని ఎలా తెలుస్తుంది?

పుట్టినరోజును బట్టి సీటు మార్చకండి. ఈ మూడు గుర్తులు చూడండి.

మొదటిది బరువు. చాలా బుట్ట సీట్ల హద్దు 13 కిలోలు. అది సీటుకు అంటించిన చీటీ మీద ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏడాది మగబిడ్డ సగటు బరువు 9.6 కిలోలు, ఆడబిడ్డది 8.9 కిలోలు. అంటే బరువును బట్టి చూస్తే ఇంకా వ్యవధి ఉన్నట్టే.

రెండోది తల. బిడ్డ నడినెత్తికీ సీటు పై అంచుకూ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. అంతకంటే తగ్గితే సీటు మార్చవలసిందే. ఏడాదికి పిల్లల సగటు పొడవు 74 నుంచి 76 సెంటీమీటర్లు. చాలామంది పిల్లలకు బరువు హద్దు ఇంకా ఉండగానే తల అంచు దాకా వస్తుంది. కాబట్టి నెలకోసారి తల దగ్గర చెయ్యి పెట్టి చూసుకోండి.

మూడోది భుజం పట్టీలు. వెనక్కి తిరిగిన సీటులో పట్టీలు బిడ్డ భుజాలకు సమంగా గాని, కాస్త కిందనుంచి గాని రావాలి. అన్నిటికంటే పై రంధ్రంలో పెట్టినా భుజాలు దానికంటే ఎంతో పైకి పోతే సీటు చాలదన్నమాట.

మరి కాళ్లో? కాళ్లు గుర్తు కానే కాదు. పిల్లలు మఠం వేసుకుని గంటలకొద్దీ ఆడుకోవడం మీరు చూడటం లేదూ? ముడుచుకున్న కాళ్లు వారికి బాధ కాదు. పైగా కాలు విరిగితే అతుక్కుంటుంది. మెడలోని వెన్నుపాము తెగితే అతుక్కోదు.

తర్వాతి సీటు ఎలాంటిది?

బుట్ట సీటు చాలనప్పుడు కొనవలసింది రెండు వైపులా తిప్పి బిగించగల పెద్ద సీటు. దుకాణాల్లో దీన్ని కన్వర్టిబుల్ అంటారు. కొత్త సీటు వచ్చింది కదా అని వెంటనే ముందుకు తిప్పేయకండి. ఇందులోనూ బిడ్డను మొదట వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలి.

కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: "వెనక్కి తిప్పి ఎన్ని కిలోల దాకా వాడవచ్చు?" కొన్ని సీట్లకు 13 కిలోల వరకే వీలుంటుంది. రెండేళ్ల మగబిడ్డ సగటు బరువు 12.2 కిలోలు కాబట్టి అవి రెండేళ్లు దాటేదాకా వస్తాయి. 18 కిలోల దాకా వీలున్నవైతే నాలుగో ఏడు వరకు కూడా రావచ్చు. నాలుగేళ్ల మగబిడ్డ సగటు 16.3 కిలోలే. ఎత్తు హద్దు కూడా చూసుకోవాలనుకోండి. స్తోమత ఉంటే రెండో రకమే మేలు.

రెండో విషయం: సీటు మీద ఆమోద ముద్ర ఉందా? ఐక్యరాజ్యసమితి ప్రమాణాలు ఆర్44, ఆర్129 అని రెండున్నాయి. ముద్రలో వృత్తం లోపల 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె ఉంటాయి. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. ఆర్129 ప్రకారం బిడ్డకు 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పనే కూడదు. ముద్ర లేని సీటు ఎంత మెత్తగా, ఎంత అందంగా ఉన్నా కొనకండి. అది కుర్చీయే గాని రక్షణ కాదు.

మూడో విషయం: మీ కారులో అది ఇముడుతుందా? బిడ్డనూ, కారునూ దుకాణానికి తీసుకువెళ్లండి. కారు వెనక సీటులో వీపుకూ కూర్చునే చోటుకూ మధ్య సందులో వేళ్లు పెట్టి చూడండి. ఇనుప కొక్కేలు తగిలితే ఐసోఫిక్స్ ఉన్నట్టు. కొత్త కార్లు చాలావాటిలో ఇవి ఉంటాయి. లేకపోతే కారు బెల్టుతో బిగించే సీటు తీసుకోండి. అదీ మంచిదే. బిగించిన తర్వాత బెల్టు పట్టిన చోట సీటును పట్టుకుని ఊపండి. అటూ ఇటూ అంగుళానికి మించి కదలకూడదు.

దుబాయి నుంచో, అమెరికా నుంచో బంధువులు తెచ్చిన పాత సీటు ఇస్తామంటే తొందరపడి ఒప్పుకోకండి. దాని గడువు తేదీ, పట్టీలు, వాడే విధానం రాసిన పుస్తకం అన్నీ ఉన్నాయేమో చూడండి. ఒకసారి ప్రమాదంలో ఉన్న సీటు పైకి బాగానే కనిపించినా లోపల చిట్లి ఉండవచ్చు. అలాంటిది వాడవద్దు.

ఈ పొరపాట్లు చేయకండి

సీటు ఎప్పుడూ కారు వెనక భాగంలోనే బిగించండి. వెనక్కి తిరిగిన సీటును డ్రైవరు పక్కన, ఎయిర్‌బ్యాగ్ పనిచేసే చోట ఎన్నడూ పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది సరిగ్గా బిడ్డ తల వెనక సీటును గుద్దుతుంది. ప్రాణమే పోవచ్చు.

ఆదిలాబాద్ చలి మీకు కొత్త కాదు. పౌష్యమాసంలో బిడ్డకు రెండు స్వెట్టర్లు వేసి, పైన మందపు కోటు తొడిగి పట్టీలు బిగిస్తారు. పట్టీలు బిగుతుగానే కనిపిస్తాయి. గుద్దుకున్నప్పుడు ఆ దూదంతా అణిగిపోయి పట్టీ వదులవుతుంది. బిడ్డ జారిపోతుంది. పలచని బట్టలు వేసి, పట్టీలు బిగించి, ఆ తర్వాత పైన దుప్పటి కప్పండి. పట్టీ సరిగ్గా బిగిసిందో లేదో తెలియాలంటే, భుజం దగ్గర దాన్ని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత పడితే ఇంకా వదులుగా ఉన్నట్టు.

ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. రామగుండం, మంచిర్యాల ఎండలకు ఆగిన కారులో సీటు కొక్కెం కాలుతూ ఉంటుంది. కూర్చోబెట్టేముందు చెయ్యి పెట్టి చూడండి. ఎంత కొద్దిసేపైనా సరే, బిడ్డను ఆగిన కారులో ఒంటరిగా వదలకండి.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాకా 300 కిలోమీటర్ల ప్రయాణం. రెండు గంటలకు మించకుండా నిర్మల్‌లోనో, కామారెడ్డిలోనో ఆగి బిడ్డను బయటికి తీసి ఆడించండి, పాలు పట్టండి. పాలిచ్చేటప్పుడు కారు ఆగి ఉండాలి. ఇంటికి చేరాక బిడ్డను సీటులోనే నిద్రపోనివ్వకండి. మరీ పసిబిడ్డలకు తల ముందుకు వాలి ఊపిరి ఆడకపోవచ్చు.

ఆ తర్వాత?

వెనక్కి తిరిగే హద్దు దాటాక అదే సీటును ముందుకు తిప్పవచ్చు. అప్పుడు పట్టీలు భుజాలకు సమంగానో, కాస్త పైనుంచో రావాలి. బాసరలో అక్షరాభ్యాసం చేయించే వయసు పిల్లలు చాలామంది ఈ దశలో ఉంటారు. బడికి పోతున్నాడు, పెద్దవాడయ్యాడు కదా అని అప్పుడే కారు బెల్టు వేయకండి. పట్టీల సీటు చాలనప్పుడు బూస్టరు వాడాలి. కారు బెల్టు మెడ మీద కాక భుజం మీద, పొట్ట మీద కాక తొడల మొదట్లో ఆనేదాకా బూస్టరు అవసరమే. కొందరికి పది, పన్నెండేళ్లు కూడా పట్టవచ్చు. ప్రతి మార్పులోనూ రక్షణ కొంత తగ్గుతుంది. కాబట్టి ఏ దశలోనూ తొందర వద్దు.

చట్టం సంగతి

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గాని, తగిన సీటు గాని లేకుండా కారులో తీసుకువెళితే వెయ్యి రూపాయల జరిమానా. అరబ్ ఎమిరేట్స్‌లో 2017 నుంచి నాలుగేళ్ల వరకు పిల్లలకు సీటు తప్పనిసరి. లేకపోతే 400 దిర్హాముల జరిమానా. దుబాయిలో కాపురముండే మన కరీంనగర్, జగిత్యాల కుటుంబాలవారికి ఇది బాగా తెలుసు. అక్కడ సీటు లేకుండా కారు తీయని తండ్రే సెలవుల్లో శంషాబాద్‌లో విమానం దిగగానే బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. ఊరు మారితే బిడ్డ మెడ మారుతుందా?

సీటుకు కొన్ని వేల రూపాయలవుతాయి, నిజమే. కాని లక్షలు పోసి కారు కొన్నవారు, దాని సీట్ల కవర్లకూ పాటల పెట్టెకూ వేలు పెట్టేవారు ఈ ఖర్చు దగ్గర ఆలోచించడం న్యాయం కాదు.

ఇక నాయనమ్మ మాట. ఆమెది ప్రేమే. ఆ ప్రేమను కాదనకండి. ఎదురు చెప్పి నొప్పించనూ వద్దు. బిడ్డ పక్క సీటులో ఆమెనే కూర్చోబెట్టండి. బిడ్డ చెయ్యి పట్టుకుని పాట పాడమనండి. బిడ్డ ఏడుపు మానుతుంది, ఆమె మనసూ కుదుటపడుతుంది. "అత్తమ్మా, గుడి కాడ కారు ఆగినంక మీ ఒళ్లెకే ఇస్త" అని చెప్పండి. చెప్పినట్టే ఇవ్వండి.