7.4 కిస్కేయా: కొండల నాచులో నివసించే పెంకు పురుగులు

గుమ్మడి, దోస పాదుల ఆకులను తినే ఎర్రని పెంకు పురుగును మీరు చూసే ఉంటారు. వరిని ఆశించే హిస్పా పురుగు దాని బంధువే. ఇవి రెండూ కోలియాప్టెరా క్రమంలోని క్రైసోమెలిడే కుటుంబానికి చెందుతాయి. ఇదే కుటుంబంలో పొలాలకు దూరంగా, కొండ అడవుల నాచులో జీవించే కీటకాలు కూడా ఉన్నాయి. అలాంటి ఒక ప్రజాతి కిస్కేయా. భౌగోళిక వివిక్తత అనే భావనను ఈ ఉదాహరణతో తెలుసుకుందాం.

7.4.1 ఉనికి, లక్షణాలు

కరేబియన్ ప్రాంతంలోని హిస్పానియోలా దీవిని హైతీ, డొమినికన్ రిపబ్లిక్ దేశాలు పంచుకుంటున్నాయి. ఆ దీవికి ఉన్న మరో పేరే ఈ ప్రజాతికి పెట్టారు. 2006లో దీనిని వర్ణించినప్పుడు డొమినికన్ రిపబ్లిక్‌లోని రెండు పర్వతశ్రేణుల పేర్లతో రెండు జాతులను గుర్తించారు. బావోరుకో శ్రేణిలోనిది కిస్కేయా బావోరుకే, నేయిబా శ్రేణిలోనిది కిస్కేయా నేయిబే.

ఇవి ఫ్లీ బీటిల్స్ అనే గెంతే పెంకు పురుగుల సమూహంలోనివి. ఈ సమూహపు కీటకాలలో వెనుక కాళ్ల తొడభాగం ఉబ్బి ఉంటుంది. దాని లోపల స్ప్రింగులా పనిచేసే గట్టి నిర్మాణం వల్ల అవి ఒక్కసారిగా ఎగిరి దూకగలవు. నాచులో నివసించే ఫ్లీ బీటిల్స్ సాధారణంగా కొద్ది మిల్లీమీటర్లకు మించవు. చాలావాటిలో ఎగరడానికి ఉపయోగపడే వెనుక రెక్కలు క్షీణించి ఉంటాయి.

7.4.2 కొండల మధ్య అడ్డుగోడ

ఈ రెండు శ్రేణుల మధ్య ఎన్రికియో లోయ ఉంది. అందులోని ఉప్పునీటి సరస్సు సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. ఒకప్పుడు ఈ లోయలోకి సముద్రం చొచ్చుకువచ్చిందనడానికి అక్కడి పగడాల శిలాజాలే సాక్ష్యం. నేడు అది వేడిగా, పొడిగా ఉండే నేల. తడి నాచు లేనిదే బతకలేని, ఎగరలేని కీటకం అలాంటి లోయను దాటడం చాలా కష్టం. ఒకే పూర్వీకుని సంతతి ఇలా విడిపోయి, జన్యు మార్పిడి ఆగిపోతే, తరాలు గడిచేకొద్దీ వేరువేరు జాతులుగా మారుతుంది. దీనినే అల్లోపాట్రిక్ జాత్యుత్పత్తి అంటారు. కిస్కేయా జాతుల విస్తరణను ఈ నమూనాతో వివరించవచ్చు. దీవిలోని ఒక్కొక్క కొండ మరో చిన్న దీవి వంటిదన్నమాట.

7.4.3 పరిరక్షణ

విస్తరణ ఇంత పరిమితమైనప్పుడు ముప్పు కూడా ఎక్కువే. సాగు కోసం కొండ అడవిని నరికితే నీడ తగ్గి నాచు ఎండిపోతుంది. ఒక శ్రేణిలో నశించిన జాతి మరో శ్రేణి నుంచి తిరిగి రాదు. అందువల్ల ఒక్క కొండను కాపాడితే చాలదు. ప్రతి శ్రేణిలోనూ అడవి నిలవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రెక్కలు క్షీణించడానికి, జాత్యుత్పత్తికి గల సంబంధాన్ని వివరించండి.
2. ఎన్రికియో లోయ అడ్డుగోడగా ఎలా పనిచేస్తుంది?